బీఎస్ఎన్ఎల్ 4జీ, ఫైబర్: అందరూ అడుగుతున్న ప్రశ్నలు, జవాబులు

సిమ్ మార్చాలా, ఫుల్ సిగ్నల్ ఉన్నా నెట్ ఎందుకు రాదు, రాగి లైన్ తీసేస్తే పాత నంబర్ ఏమవుతుంది... బీఎస్ఎన్ఎల్ కొత్త టవర్లు వేయడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఇవే ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తున్నాయి, అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, వరసగా చదవాల్సిన పనిలేదు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. ఈ నెట్‌వర్క్ దేశమంతా ఒకే రోజు మారిపోయేది కాదు, ఒక్కో టవరూ మారుతూ వస్తోంది. పక్క ఊళ్లో బాగుందనో, బాలేదనో విని మీరు నిర్ణయం తీసుకోకండి.

## అసలు ఏం జరుగుతోంది

బీఎస్ఎన్ఎల్ 4జీ నిజంగా వచ్చిందా, లేక ఇంకా "వస్తోంది, వస్తోంది" అనేనా?

వచ్చింది. 2025 సెప్టెంబర్ 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రధాని మోదీ దీన్ని ప్రారంభించారు. ఆ రోజు ప్రకటించిన లెక్క ప్రకారం మొత్తం 97,500కు పైగా 4జీ టవర్లు, ఖర్చు దాదాపు 37,000 కోట్ల రూపాయలు. అయితే టవర్ మీద కొత్త పెట్టెలు బిగించడం ఒక పని, దాన్ని నెట్‌వర్క్‌కి కలపడం ఇంకో పని, చుట్టుపక్కల టవర్లతో సర్దుబాటు చేసి కాల్ మధ్యలో తెగిపోకుండా చూడటం మరో పని. మీ ఊరి టవర్ ఈ మూడింట్లో ఏ దశలో ఉందన్నదాన్ని బట్టే మీ అనుభవం ఉంటుంది. "సూపర్" అనేవాళ్లూ, "వేస్ట్" అనేవాళ్లూ ఇద్దరూ నిజమే చెబుతున్నారు, వాళ్ల టవర్లు వేరు, అంతే.

మిగతా కంపెనీలు ఎప్పుడో ఇచ్చిన 4జీ బీఎస్ఎన్ఎల్‌కి ఇంత ఆలస్యం ఎందుకైంది?

ఎయిర్‌టెల్ 2012లో కోల్‌కతాలో 4జీ మొదలుపెట్టింది, జియో 2016 సెప్టెంబర్‌లో వచ్చింది. బీఎస్ఎన్ఎల్‌కి 4జీ స్పెక్ట్రమ్ (సిగ్నల్ వెళ్లే రేడియో తరంగాల వాటా) ఇవ్వాలని కేంద్ర కేబినెట్ నిర్ణయించిందే 2019 అక్టోబర్‌లో. దాంతోపాటే వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) కూడా వచ్చింది, 2020 జనవరి 31న ఒక్కరోజే 78 వేల మందికి పైగా ఉద్యోగులు సంస్థ నుంచి బయటికి వెళ్లారు. అదే ఏడాది 4జీ టెండర్ రద్దయింది, ఇక పరికరాలు మన దేశంలో తయారైనవే ఉండాలన్నారు.

అప్పటికి మన దగ్గర పెద్ద ఎత్తున నడిచిన సొంత 4జీ పరికరాలు లేవు. తయారు చేయాలి, పరీక్షించాలి, ఆ తర్వాత కొనాలి. కొత్త నెట్‌వర్క్ మీద మొదటి కాల్ 2021 అక్టోబర్‌లో చేశారు, టీసీఎస్ ముందుండి నడిపే కంపెనీల బృందానికి దాదాపు 15,000 కోట్ల ఆర్డర్ 2023 మేలో దక్కింది. స్వదేశీ పరికరాలు కావాలనుకోవడం సరైన నిర్ణయమే అని నా అభిప్రాయం. కానీ అవి తయారయ్యేదాకా కస్టమర్‌ని 3జీ మీద, చాలాచోట్ల 2జీ మీద కూర్చోబెట్టారు. ఆ ఏళ్లలో పోయిన కస్టమర్లని వెనక్కి తెచ్చుకోవడం టవర్లు కట్టడం కంటే కష్టం.

"స్వదేశీ 4జీ" అంటున్నారు, అందులో మనది ఏముంది?

మొబైల్ నెట్‌వర్క్‌లో రెండు పెద్ద భాగాలుంటాయి. టవర్ మీద ఉండి మీ ఫోన్‌తో మాట్లాడేది రేడియో భాగం, ఇది బెంగళూరులోని తేజస్ నెట్‌వర్క్స్ తయారు చేసింది. మీరెవరు, మీ ప్లాన్ ఏంటి, మీ కాల్ ఎటు పంపాలి అన్నది చూసుకునేది కోర్, ఇది ప్రభుత్వ సంస్థ సీ-డాట్ చేసింది. రెండింటినీ కలిపి నడిపించే బాధ్యత టీసీఎస్‌ది. డెన్మార్క్, స్వీడన్, దక్షిణ కొరియా, చైనా తర్వాత ఇలా పూర్తి టెలికాం పరికరాలు సొంతంగా తయారు చేస్తున్న ఐదో దేశం మనదని ప్రారంభం రోజున కేంద్రం చెప్పింది. లోపలి చిప్‌లు ఇంకా ఎక్కువగా బయటినుంచే వస్తాయి, ఆ మాట కూడా చెప్పుకోవాలి.

సీ-డాట్ పేరు కొత్తగా వింటున్నవాళ్లకి: అది 1984లో పుట్టింది. ఎనభైల చివర్లో, తొంభైలలో మన ఊళ్లకి ఫోన్ తెచ్చిన చిన్న ఎక్స్‌ఛేంజీలు వాళ్లవే. ఏసీ గది అక్కర్లేకుండా, ఎండకి దుమ్ముకి తట్టుకునేలా డిజైన్ చేసినవి.

లక్షల కోట్లు ఇచ్చారంటారు, అదంతా ఎక్కడికి పోయింది?

మూడు పెద్ద ప్యాకేజీలు ఉన్నాయి. 2019లో దాదాపు 69 వేల కోట్లు, 2022 జులైలో 1.64 లక్షల కోట్లు, 2023 జూన్‌లో 89,047 కోట్లు. ఇదంతా చేతికిచ్చిన నగదు అనుకుంటే పొరపాటు. ఉదాహరణకి 2022 ప్యాకేజీలో నగదు దాదాపు 44 వేల కోట్లే, మిగతాదంతా స్పెక్ట్రమ్ విలువ, పాత బకాయిలను వాటాలుగా మార్చడం లాంటివి. 2023 ప్యాకేజీలో పెద్ద భాగం 4జీ, 5జీ స్పెక్ట్రమ్ విలువే.

ఫలితం కనిపించడం మొదలైంది కానీ నిలకడగా లేదు. 2024 అక్టోబర్-డిసెంబర్ త్రైమాసికంలో 262 కోట్ల లాభం చూపించింది, 2007 తర్వాత అదే మొదటి త్రైమాసిక లాభం. 2024-25 ఏడాది మొత్తం మీద మాత్రం నష్టమే, 2,247 కోట్లు. అంతకుముందు ఏడాది 5,370 కోట్లతో పోలిస్తే సగానికి పైగా తగ్గింది.

మాది ఏజెన్సీ ఊరు. మాకు ఎప్పటికైనా టవర్ వస్తుందా?

ఈ మొత్తం కార్యక్రమంలో నేను అన్నింటికంటే ముఖ్యమనుకునేది ఇదే. అల్లూరి జిల్లా కొండల్లోనో, ములుగు, భద్రాద్రి అడవుల్లోనో ఉన్న ఊళ్లలో రేషన్ డీలర్ ఈపాస్ మిషన్ పట్టుకుని సిగ్నల్ దొరికే గట్టు దాకా నడిచి వెళ్లడం, ముసలివాళ్లు వేలిముద్ర వేయడానికి అక్కడిదాకా వెనకే రావడం ఎన్నో ఏళ్లుగా చూస్తున్నదే. అక్కడ టవర్ పెడితే లాభం రాదు కాబట్టి వ్యాపారం కోసం ఎవరూ పెట్టరు. ప్రభుత్వ డబ్బుతోనే పెట్టాలి.

అందుకు రెండు పథకాలున్నాయి. 2021 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ సహా ఐదు రాష్ట్రాల వెనుకబడిన జిల్లాల్లో 7,287 ఊళ్లకి ఒకటి, 2022 జులైలో దేశమంతా 24,680 ఊళ్లకి 26,316 కోట్లతో 4జీ సాచురేషన్ (ఏ ఊరూ మిగలకుండా 4జీ చేర్చడం) పేరిట ఇంకొకటి, ఈ రెండోది బీఎస్ఎన్ఎల్‌కే అప్పగించారు. పని ఆగేది ఎక్కువగా నాలుగు చోట్ల: అటవీ అనుమతి, సామాన్లు చేర్చే దారి, కరెంటు, టవర్ నుంచి బయటికి వెళ్లే లింకు. కరెంటు లేనిచోట సోలార్ పెడుతున్నారు.

మీ ఊరు జాబితాలో ఉందో లేదో తెలియాలంటే గ్రామసభ తీర్మానం రాసి కలెక్టర్‌కి, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పీఓకి, జిల్లా బీఎస్ఎన్ఎల్ ఆఫీసుకి ఇచ్చి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. నోటిమాటగా అడిగితే "చూస్తాం" అంటారు. రాతపూర్వకంగా అడిగితే అనుమతి ఏ ఆఫీసులో ఆగిందో చెప్పాల్సి వస్తుంది.

## సిమ్ తీసుకునే ముందు, మార్చే ముందు

మా ఏరియాలో 4జీ టవర్ ఉందో లేదో డబ్బులు ఖర్చు పెట్టకుండా ఎలా తెలుసుకోవాలి?

మీ దగ్గర ఏ కంపెనీ సిమ్ ఉన్నా సరే, ఫోన్ సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్‌లోకి వెళ్లి ఆటోమేటిక్ ఆపరేటర్ ఎంపిక ఆపేయండి. ఫోన్ ఒకటి రెండు నిమిషాలు వెతికి చుట్టూ ఉన్న నెట్‌వర్క్‌ల జాబితా చూపిస్తుంది. అందులో బీఎస్ఎన్ఎల్ పక్కన 4జీ అని కనిపిస్తే మీ ఫోన్‌కి 4జీ టవర్ అందుతున్నట్టే. చూశాక ఆటోమేటిక్ మళ్లీ ఆన్ చేయడం మర్చిపోకండి, లేకపోతే మీ సొంత సిమ్ పనిచేయకపోవచ్చు.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీ తన వెబ్‌సైట్‌లో కవరేజీ మ్యాప్ పెట్టాలి, అదీ చూడొచ్చు. అయినా నిజమైన పరీక్ష ఒక్కటే, బీఎస్ఎన్ఎల్ 4జీ సిమ్ ఉన్న స్నేహితుణ్ణి రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలప్పుడు ఇంటికి పిలిచి లోపలి గదిలో వీడియో కాల్ చేయించండి.

నా దగ్గర ఎప్పటిదో పాత బీఎస్ఎన్ఎల్ సిమ్ ఉంది. మార్చాల్సిందేనా?

2జీ కాలం నాటి సిమ్ అయితే మార్చాల్సిందే, అందులో ఎంత మంచి ఫోన్ పెట్టినా 4జీ ఎక్కదు. నంబర్ మారదు, బ్యాలెన్స్ పోదు. సిమ్ ఎవరి పేరున ఉందో వాళ్లే ఆధార్ పట్టుకుని కస్టమర్ సర్వీస్ సెంటర్‌కి వెళ్లాలి. నాన్నగారి పేరున ఉన్న సిమ్ మీరు వాడుతుంటే ఆయన్నే తీసుకెళ్లండి.

రెండు జాగ్రత్తలు చాలామందికి తెలియవు. సిమ్ మార్చిన తర్వాత 24 గంటలపాటు ఎస్ఎంఎస్‌లు ఆగుతాయి, ఇది మోసాలు జరగకుండా టెలికాం శాఖ పెట్టిన నిబంధన. అంటే బ్యాంక్ ఓటీపీలు కూడా రావు. ఫీజు కట్టే ఆఖరి రోజున సిమ్ మార్చుకుని టెన్షన్ పడకండి. రెండోది, పాత సిమ్‌లో సేవ్ చేసుకున్న నంబర్లు కొత్త సిమ్‌లోకి వాటంతట అవి రావు. పెద్దవాళ్ల ఫోన్లలో ఎక్కువ నంబర్లు సిమ్‌లోనే ఉంటాయి, ముందు రోజే ఫోన్‌లోకి కాపీ చేసి పెట్టండి.

నాది 4జీ ఫోనే, అయినా ఇంకేమైనా చూడాలా?

చూడాలి. బీఎస్ఎన్ఎల్ కొత్త 4జీ ఎక్కువగా 700 మెగాహెర్ట్జ్, 2100 మెగాహెర్ట్జ్ మీద నడుస్తోంది. ఫోన్ వివరాల్లో వీటిని బ్యాండ్ 28, బ్యాండ్ 1 అంటారు. 700 చాలా దూరం వెళ్తుంది, గోడల్లోంచి కూడా బాగా దూరుతుంది, పల్లెటూళ్లకి అదే ప్రాణం. చిక్కేంటంటే కొన్ని పాత 4జీ ఫోన్లలో బ్యాండ్ 28 లేదు. అలాంటి ఫోన్‌తో పక్కనున్న వాళ్లకి 4జీ వస్తున్నా మీకు 2జీనే చూపిస్తుంది, తప్పు సిమ్‌ది అనుకుని మీరు ఆఫీసు చుట్టూ తిరుగుతారు. ఫోన్ మోడల్ పేరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో బ్యాండ్‌ల జాబితా ఒక్కసారి చూసుకోండి.

వేరే నెట్‌వర్క్ నుంచి పోర్ట్ అవ్వాలంటే ఏం చేయాలి?

ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో పోర్ట్ అని టైప్ చేసి, ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబర్ రాసి 1900కి ఎస్ఎంఎస్ పంపండి. వచ్చిన కోడ్ నాలుగు రోజులు చెల్లుతుంది, దాంతో పాటు ఆధార్ తీసుకుని బీఎస్ఎన్ఎల్ సెంటర్‌కి వెళ్లండి. పోర్టింగ్‌కి మామూలుగా మూడు పనిదినాలు పడుతుంది. ఇప్పుడున్న నెట్‌వర్క్‌లో 90 రోజులు పూర్తయి ఉండాలి, పోస్ట్‌పెయిడ్ అయితే బిల్లు బాకీ ఉండకూడదు. సిమ్ పోయి కొత్తది తీసుకున్నవాళ్లకి ఏడు రోజుల వరకు కోడ్ రాదు. పాత కంపెనీలో మిగిలిన రీచార్జ్ మీతో రాదు కాబట్టి వ్యాలిడిటీ అయిపోవచ్చినప్పుడే మొదలుపెట్టండి, కానీ పూర్తిగా అయిపోనివ్వకండి, ఎస్ఎంఎస్ పోకపోతే కోడే రాదు.

ఆంధ్ర, తెలంగాణ టెలికాం లెక్కలో ఇప్పటికీ ఒకే సర్కిల్. విజయవాడ నంబర్‌ని హైదరాబాద్‌లో పోర్ట్ చేసుకున్నా సర్కిల్ మారినట్టు కాదు.

పోర్ట్ అవ్వకుండా రెండో సిమ్‌గా పెట్టుకుంటే?

మీ టవర్ సంగతి తెలియనప్పుడు అదే మంచి పద్ధతి. ఒక నెల వాడి చూడండి. బ్యాంకుకి, ఆధార్‌కి లింకైన నంబర్‌ని మాత్రం తొందరపడి కదిలించకండి.

## సిమ్ వేశాక

ఫుల్ సిగ్నల్ చూపిస్తోంది, నెట్ మాత్రం కదలట్లేదు. ఎందుకు?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఫోన్ మీద కనిపించే గీతలు మీ ఫోన్‌కీ టవర్‌కీ మధ్య సంగతి మాత్రమే చెబుతాయి. టవర్ నుంచి ఎక్స్‌ఛేంజ్ దాకా ఇంకో దారి ఉంటుంది, దాని సంగతి ఆ గీతల్లో కనిపించదు. ఇంట్లో కుళాయి ఎంత పెద్దది బిగించినా వీధిలోంచి వచ్చే పైపు సన్నగా ఉంటే నీళ్లు సన్నగానే వస్తాయి కదా, ఇదీ అంతే. 2జీ రోజుల్లో ఒక టవర్‌కి రెండు ఎంబీపీఎస్ లింకులు ఒకటో రెండో ఉంటే సరిపోయేది, ఎందుకంటే అది మాటల కోసం కట్టింది. 4జీ టవర్‌కి అంతకి ఎన్నో పదుల రెట్లు కావాలి. టవర్ దాకా ఫైబర్ వచ్చినచోట నెట్ పరిగెడుతుంది, పాత మైక్రోవేవ్ (వైరు లేకుండా తరంగాలతో పంపే) లింకు మీదే కొత్త 4జీ పెట్టెలు తగిలించినచోట గీతలే మిగులుతాయి. ఫైబర్ ఉన్నచోట కూడా రోడ్డు వెడల్పు పనుల్లో జేసీబీ తగిలి తెగితే అతికే దాకా ఇదే పరిస్థితి.

రెండో కారణం స్పెక్ట్రమ్ వెడల్పు. 700లో బీఎస్ఎన్ఎల్‌కి ఉన్నది ఒక్కోవైపు (పంపడానికి, అందుకోవడానికి విడివిడిగా) 10 మెగాహెర్ట్జ్. మామూలు ఫోన్‌తో దాని మీద అన్నీ అనుకూలిస్తే గరిష్ఠంగా 75 ఎంబీపీఎస్ చుట్టుపక్కల వస్తుంది, ఆ 75నే టవర్‌లో అదే దిక్కున ఉన్నవాళ్లంతా పంచుకోవాలి. సాయంత్రం అందరూ వీడియోలు పెడితే ఒక్కొక్కరికి దక్కేది కొంచెమే.

ఏది మీ సమస్యో తెలుసుకోవడానికి తేలికైన పద్ధతి ఉంది. తెల్లవారుజామున అయిదింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి ఒకే చోట నిలబడి స్పీడ్ టెస్ట్ చేయండి. పొద్దున బాగుండి రాత్రి పడిపోతే రద్దీ. రెండుసార్లూ దారుణంగా ఉంటే లింకు సమస్యో, టవర్‌లో లోపమో. రెండింటి స్క్రీన్‌షాట్లూ దాచుకోండి, కంప్లైంట్ ఇచ్చేటప్పుడు "నెట్ స్లో" అన్న మాట కంటే అవే ఎక్కువ పనికొస్తాయి.

కాల్ వచ్చినప్పుడల్లా నెట్ ఆగిపోతోంది, ఏంటిది?

మీ ఫోన్‌లో వోల్టీ, అంటే కాల్స్ కూడా 4జీ మీదే నడిపే సదుపాయం, పనిచేయట్లేదు. అది లేకపోతే కాల్ కోసం ఫోన్ 4జీ వదిలేసి 2జీకి దిగుతుంది, కాల్ అయ్యాక మళ్లీ పైకి ఎక్కుతుంది, మధ్యలో నెట్ ఉండదు. సెట్టింగ్స్‌లో వోల్టీ ఆన్ చేయండి. అక్కడ ఆప్షనే కనిపించకపోతే ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి, అప్పటికీ కాకపోతే 1503కి ఫోన్ చేసి మీ నంబర్‌కి వోల్టీ యాక్టివ్‌గా ఉందో లేదో అడగండి.

4జీ గుర్తు ఉంది కానీ నెట్ అసలు ఓపెనే అవ్వట్లేదు?

ఏపీఎన్ చూడండి, ఫోన్ ఏ దారిలో నెట్‌లోకి వెళ్లాలో చెప్పే సెట్టింగ్ అది. మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ దగ్గర ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో బీఎస్ఎన్ఎల్‌నెట్ అని, మధ్యలో ఖాళీ లేకుండా ఉండాలి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేసి సేవ్ చేసి ఫోన్ ఒకసారి రీస్టార్ట్ చేయండి.

కరెంటు పోతే చాలు, సిగ్నల్ కూడా పోతోంది.

టవర్ దగ్గర బ్యాటరీలు పాడయ్యాయని అర్థం. ప్రతి టవర్‌కీ బ్యాటరీ బ్యాంకు ఉంటుంది, పెద్దచోట్ల డీజిల్ జనరేటర్ కూడా ఉంటుంది. 4జీ వచ్చాక టవర్‌కి కరెంటు వాడకం పెరిగింది, పాత బ్యాటరీలు ఆ బరువు మోయలేవు. కంప్లైంట్‌లో కరెంటు పోయిన సమయం, సిగ్నల్ పోయిన సమయం రెండూ రాయండి. "11:10కి కరెంటు పోయింది, 11:25కి సిగ్నల్ పోయింది" అని ఉంటే బ్యాటరీ సమస్య అని చదివినవాళ్లకి వెంటనే తెలుస్తుంది.

మా అమ్మ దగ్గర చిన్న బటన్ ఫోన్ ఉంది. అది మూలన పెట్టాల్సిందేనా?

అక్కర్లేదు. దశలవారీగా ఆపేస్తున్నది 3జీని, ఆ స్పెక్ట్రమ్‌ని 4జీకి మళ్లిస్తున్నారు. మాటల కోసం 2జీ నడుస్తూనే ఉంది. ఇబ్బంది 3జీ స్మార్ట్‌ఫోన్లు వాడేవాళ్లకే, వాళ్లకి కాల్స్ వస్తాయి గానీ నెట్ 2జీ స్పీడ్‌కి పడిపోతుంది.

## ఇంటికి ఫైబర్

రాగి లైన్ తీసేసి ఫైబర్ వేస్తామంటున్నారు. పాత ల్యాండ్‌లైన్ నంబర్ పోతుందా?

సాధారణంగా అదే నంబర్ ఫైబర్ మీద కొనసాగించవచ్చు, కానీ దరఖాస్తు ఇచ్చేటప్పుడే "పాత నంబర్ ఉంచాలి" అని స్పష్టంగా రాయించండి. ఇంట్లో పెట్టే ఫైబర్ మోడెం వెనక ఫోన్ వైరు పెట్టే రంధ్రం ఉంటుంది, మీ పాత ఫోన్ దానికే తగిలించుకోవచ్చు.

ఒక్క తేడా మాత్రం గుర్తుంచుకోండి. రాగి లైన్‌లో ఫోన్‌కి కావాల్సిన కరెంటు, 48 వోల్టులు, ఎక్స్‌ఛేంజ్ నుంచే వైరులో వచ్చేది, అందుకే ఊరంతా చీకటైనా ల్యాండ్‌లైన్ మోగేది. ఫైబర్‌లో వచ్చేది వెలుతురు మాత్రమే. మీ ఇంట్లో కరెంటు పోతే మోడెం ఆగిపోతుంది, ఫోనూ ఆగిపోతుంది. ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు ఆ ఫోన్ మీదే ఆధారపడితే మోడెంకి చిన్న 12 వోల్టుల యూపీఎస్ తప్పకుండా పెట్టించండి. అడాప్టర్ మీద రాసిన వోల్టేజీ చూసి కొనండి.

మోడెం మీద ఎర్ర లైటు వెలుగుతోంది.

ఎల్ఓఎస్ అని రాసి ఉన్నచోట ఎర్రగా వెలిగితే వెలుతురు మీ ఇంటిదాకా రావట్లేదని. మోడెం వెనక సన్నటి పసుపు లేదా తెల్ల వైరు గట్టిగా మడత పడిందేమో, బీరువా కింద నలిగిందేమో చూసి సరిచేయండి. బాగానే ఉంటే బయట ఎక్కడో తెగింది, రీస్టార్ట్‌లతో టైమ్ పాడుచేసుకోకుండా కంప్లైంట్ ఇవ్వండి. విప్పిన ఫైబర్ కొనలోకి కన్ను పెట్టి చూడకండి, పిల్లల్ని చూడనివ్వకండి, అందులో వచ్చేది కంటికి కనిపించని లేజర్ వెలుతురు.

కనెక్షన్ ఇచ్చింది లోకల్ కేబుల్ ఆయన, బిల్లు మాత్రం బీఎస్ఎన్ఎల్‌ది. పాడైతే ఎవరిని అడగాలి?

చాలా ఊళ్లలో ఫైబర్ వేసేది, చూసుకునేది ఆదాయంలో వాటా తీసుకునే భాగస్వాములే. ఫోన్ చేస్తే ఆయనే వచ్చి బాగుచేస్తే మంచిదే, అయినా ప్రతిసారీ బీఎస్ఎన్ఎల్‌లో కంప్లైంట్ నమోదు చేయండి. ఆయనకి వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ రికార్డు కాదు. బిల్లులో తగ్గింపు అడగాలన్నా, పైవాళ్లకి చెప్పాలన్నా ఎన్ని రోజులు పనిచేయలేదో బీఎస్ఎన్ఎల్ లెక్కలో ఉండాలి.

పంచాయతీ ఆఫీసు దాకా ఫైబర్ వచ్చి ఏళ్లయింది. మా ఇంటికి ఎందుకు రాదు?

ఊళ్లకి ఫైబర్ వేసే కేంద్ర పథకం భారత్‌నెట్ 2011లో మొదలైనప్పుడు లక్ష్యం పంచాయతీ దాకా చేర్చడమే. చాలాచోట్ల పంచాయతీలో పెట్టె పెట్టి వదిలేశారు, ఒకే దారిలో వేసిన లైను కాబట్టి ఎక్కడ తెగినా ఆవలి ఊళ్లన్నీ ఆగిపోయేవి. 2023 ఆగస్టులో 1,39,579 కోట్లతో పథకాన్ని సవరించారు. ఇప్పుడు లైన్లని వలయంలా వేస్తున్నారు, ఒకవైపు తెగితే రెండోవైపు నుంచి నడుస్తుంది. పర్యవేక్షణ బీఎస్ఎన్ఎల్‌ది. ఆంధ్రలో ఏపీ ఫైబర్‌నెట్, తెలంగాణలో టీ-ఫైబర్ కూడా ఉన్నాయి కాబట్టి మీ ఊరికి ఎవరి లైను వచ్చిందో ముందు పంచాయతీ కార్యదర్శిని అడగండి.

## పని జరగనప్పుడు

ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎవరూ పట్టించుకోవట్లేదు. ఇంకెక్కడికి పోవాలి?

మొదట 1503కి లేదా 1800 180 1503కి ఫోన్ చేసి డాకెట్ నంబర్ (ఫిర్యాదు నమోదైన నంబర్) తీసుకోండి. ఆ నంబర్ లేకుండా తర్వాతి మెట్టు ఎక్కలేరు. గడువులోపు పని కాకపోయినా, పని కాకుండానే "పరిష్కరించాం" అని మెసేజ్ వచ్చినా బీఎస్ఎన్ఎల్‌లోనే ఉన్న అప్పిలేట్ అథారిటీకి అప్పీల్ పెట్టండి, దానికి ఫీజు లేదు. ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో టెలికాం శాఖకి పెట్టొచ్చు. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదు విడిగా విచారించదు, నేరుగా అక్కడికి రాసి నెలలు ఎదురుచూడకండి.

ఏం రాస్తున్నారన్నది చాలా ముఖ్యం. "మీ సర్వీసు చెత్త" అని రాస్తే చదివినవాడికి చేయడానికి ఏమీ ఉండదు. ఇలా రాసి చూడండి: "రామాలయం వీధి, ఇంట్లోనూ బయటా 4జీ సిగ్నల్ నాలుగు గీతలు. సోమవారం ఉదయం 5కి 0.4 ఎంబీపీఎస్, రాత్రి 9కి 0.3. ఫోన్‌లో బ్యాండ్ 28 ఉంది, సిమ్ కొత్తది, ఏపీఎన్ సరిచూశాను. వీధిలో మిగతావాళ్లకీ ఇంతే." సిమ్ మార్చండి, ఫోన్ రీస్టార్ట్ చేయండి అని చెప్పడానికి అందులో చోటుండదు, నేరుగా టవర్ చూసే ఇంజినీర్ దగ్గరికి పంపాల్సి వస్తుంది. అయిదారుగురు కలిసి విడివిడిగా డాకెట్లు తీసుకుంటే ఇంకా త్వరగా కదులుతుంది.

క్షేత్రంలో ఉన్న ఉద్యోగుల మీద అరవకండి. వీఆర్ఎస్ తర్వాత సంస్థలో సగం మంది కూడా మిగల్లేదు, ఒకప్పుడు చాలామంది చూసుకున్న ఏరియాని ఇప్పుడు కొద్దిమందే చూసుకుంటున్నారు.

## మోసాలు, భయాలు

మీ పొలంలో టవర్ పెడతాం, అడ్వాన్స్ లక్షల్లో ఇస్తాం అని ఫోన్ వచ్చింది. నిజమేనా?

ముందు మీరే డబ్బు కట్టాలన్నారంటే అది మోసమే, ఇంకో ఆలోచన వద్దు. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రాయ్ అనుమతి ఫీజు, ట్యాక్స్ అని ఒక్కో విడతా లాగుతారు, ముద్రలు వేసిన నకిలీ లెటర్లు కూడా పంపిస్తారు. టవర్ పెట్టుకోవడానికి ట్రాయ్ ఎవరికీ ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇవ్వదు, స్థలం ఇచ్చేవాళ్ల దగ్గర ఏ టెలికాం కంపెనీ ముందుగా డబ్బు అడగదు. ఇప్పటికే కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

కేవైసీ చేయకపోతే 24 గంటల్లో సిమ్ బ్లాక్ అని బీఎస్ఎన్ఎల్ పేరుతో నోటీసు వచ్చింది.

నకిలీది. కేంద్ర ప్రభుత్వ ఫ్యాక్ట్‌చెక్ విభాగం కూడా ఈ నోటీసు అబద్ధమని చెప్పింది. అందులో ఉన్న నంబర్‌కి ఫోన్ చేయకండి, లింకు నొక్కకండి. అనుమానం తీరకపోతే కస్టమర్ సర్వీస్ సెంటర్‌కి స్వయంగా వెళ్లి కనుక్కోండి.

ఇంటి పక్కన కొత్త టవర్ వస్తోంది, రేడియేషన్ భయం వేస్తోంది.

మన దేశంలో టవర్ల నుంచి వచ్చే తరంగాల పరిమితి అంతర్జాతీయంగా సూచించిన దానిలో పదో వంతే, 2012 సెప్టెంబర్ నుంచి ఇదే అమల్లో ఉంది. మీ చుట్టూ ఉన్న టవర్లు పరిమితిలో ఉన్నాయో లేదో టెలికాం శాఖ తరంగ్ సంచార్ పోర్టల్‌లో చూసుకోవచ్చు, కావాలంటే అక్కడే కొలత కోసం అడగొచ్చు కూడా.

## ఇకముందు

రేట్లు తక్కువని మారుతున్నాం. ఎప్పటికీ ఇలాగే ఉంటాయా?

ఎవరూ హామీ ఇవ్వలేరు. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలు రేట్లు పెంచినప్పుడు ఒక్క ఆ నెలలోనే బీఎస్ఎన్ఎల్‌కి 29 లక్షలకు పైగా కస్టమర్లు పెరిగారు, ఏడాది చివరికొచ్చేసరికి మళ్లీ తగ్గడం మొదలైంది. వచ్చినవాళ్లు రేటు చూసి వచ్చారు, వెళ్లినవాళ్లు నెట్ చూసి వెళ్లారు. ప్లాన్ ఎంచుకునేటప్పుడు రీచార్జ్ మొత్తం ఒక్కటే కాకుండా వ్యాలిడిటీ రోజులతో భాగించి రోజుకెంత పడుతుందో చూసుకోండి, రేటు అదే ఉంచి రోజులు తగ్గించడం అన్ని కంపెనీలూ చేస్తాయి.

మరి 5జీ ఎప్పుడు?

హైదరాబాద్‌లో 2025 జూన్‌లో క్యూ-5జీ పేరుతో ఇళ్లకి, ఆఫీసులకి వైర్ లేకుండా ఇచ్చే 5జీ ఇంటర్నెట్ మొదలుపెట్టారు, ఇది ఫోన్‌లో వేసుకునే సిమ్ కాదు. ఇప్పుడు పెట్టిన 4జీ పరికరాలని సాఫ్ట్‌వేర్‌తోనే 5జీకి మార్చుకోవచ్చని చెబుతున్నారు. మార్చుకోవచ్చు, కానీ 700 మీద వచ్చే 5జీ దూరం వెళ్తుందే తప్ప ప్రకటనల్లో చూపించే స్పీడ్ ఇవ్వదు. ఆ స్పీడ్ కావాలంటే 3300 మెగాహెర్ట్జ్‌కి వేరే రేడియోలు బిగించాలి, ప్రతి టవర్‌కీ గట్టి ఫైబర్ రావాలి. స్పెక్ట్రమ్ 2023 ప్యాకేజీలోనే కేటాయించారు, మిగిలింది పనే. నన్నడిగితే ముందు ఉన్న 4జీ టవర్లకి ఫైబర్, బ్యాటరీలు సరిగ్గా అమర్చడం మేలు, 5జీకీ అవే కావాలి కదా. ఈలోపు కొత్త 5జీ ఫోన్ కొనేవాళ్లు 4జీ బ్యాండ్ 28తో పాటు 5జీలో ఎన్28, ఎన్78 బ్యాండ్లు కూడా ఉన్నాయో లేదో చూసి కొనండి.